దువ్వెన పళ్ళ సందున చరిత్ర

తెలుగులో ‘దువ్వు’ అన్న క్రియకు విస్తృతి చాలా ఎక్కువ. తల దువ్వుతాం, మీసం దువ్వుతాం, అలిగినవారిని దువ్వుతాం. కయ్యానికి కాలు దువ్వుతాం. ఆ క్రియ నుంచి పుట్టిన ‘దువ్వెన’ మాత్రం అద్దం పక్కన అణగిమణగి పడి ఉండే చిన్న వస్తువు. దాని తయారీ గురించీ, దానిపై చెక్కిన నగిషీల గురించీ కళాచరిత్రకారులు రాశారు. దాన్ని ఎవరు శుభ్రం చేసేవారు, దేనితో చేసేవారు, అందులో చిక్కుకున్న వెంట్రుకలు ఏమయ్యేవి అన్న ప్రశ్నలు మాత్రం చరిత్ర గ్రంథాలలో అరుదుగా కనిపిస్తాయి. ఈ ప్రశ్నలను ఒమాన్ రాజధాని మస్కట్‌లో రువీని ఆనుకొని ఉన్న హమ్రియా అనే పేట నుంచి అడగడం ఈ వ్యాసం ఉద్దేశం. భారతీయ కార్మికులు గదులు పంచుకొని బతికే పేట అది. అక్కడి నుంచే ఎందుకు అడగాలో చెప్పడానికి నాలుగు వేల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

తీరాన దొరికిన దంతపు దువ్వెన

అరేబియా ద్వీపకల్పపు తూర్పు కొనలో రాస్ అల్ జింజ్ అనే చోటు ఉంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరంగా దానికి ఇప్పుడు పేరు. 1985 నుంచి అక్కడ మౌరీజియో తోసి, సెర్జ్ క్లూజియూల నేతృత్వంలో జరిగిన తవ్వకాలలో క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటి నివాసాలు బయటపడ్డాయి. పడవల కీళ్ళకు పూసిన తారు ముక్కలు, సింధు నాగరికతకు చెందిన కుండ పెంకులతో పాటు ఒక దంతపు దువ్వెన కూడా దొరికింది. దాని పనితనం సింధు ప్రాంతానిది.

సింధు తీరం నుంచి మగన్‌కు, అంటే నాటి ఒమాన్ ప్రాంతానికి, జరిగిన వర్తకం గురించి మాట్లాడేటప్పుడు మనం రాగి గురించీ పూసల గురించీ మాట్లాడతాం. దువ్వెన వాటికంటే భిన్నమైన సాక్ష్యం. అది ఒక మనిషి తలను తాకిన వస్తువు. ఆ తల వర్తకుడిదో, అతని వెంట వచ్చిన స్త్రీదో, స్థానికులదో తేల్చలేం. ఏమైనా సముద్రం దాటి వచ్చిన ఆ వస్తువును ఎవరో ఒకరు రోజూ చేతబట్టారు, పళ్ళ సందులు శుభ్రం చేసుకున్నారు.

మురికి చెప్పే సాక్ష్యం

దువ్వెన మొదటి పని అలంకారం కాదు, పేలు తీయడం. ఇజ్రాయెల్‌లోని లాకీష్‌లో 2016లో దొరికిన ఒక చిన్న దంతపు దువ్వెన ఇందుకు ప్రబల నిదర్శనం. దానికి ఒకవైపు చిక్కు తీయడానికి ఆరు దళసరి పళ్ళు, మరోవైపు పేలు తీయడానికి పద్నాలుగు సన్నని పళ్ళు ఉండేవి. దానిపై కనానీయ లిపిలో చెక్కిన పదిహేడు అక్షరాలను పండితులు 2022లో ప్రకటించారు. జుట్టులోనూ గడ్డంలోనూ ఉన్న పేలను ఈ దంతం నిర్మూలించాలన్న కోరిక ఆ వాక్యం సారాంశం. క్రీ.పూ. 1700 ప్రాంతానిదిగా భావిస్తున్న ఈ రాత, అక్షరమాలలో మనకు దొరికిన తొలి పూర్తి వాక్యంగా పేరు పొందింది. సూక్ష్మదర్శినితో చూసినప్పుడు ఆ దువ్వెన పంటి మీద పేను అవశేషాలు కూడా కనిపించాయి.

మన వాఙ్మయంలోనూ ఈ దృష్టి ఉంది. అథర్వవేదం పద్నాలుగవ కాండలోని వివాహసూక్తంలో నూరు పళ్ళ దువ్వెన ప్రస్తావన వస్తుంది. వధువు తలలోని మలినాన్ని అది గీరి తీసేయాలని అక్కడి కోరిక. అలంకరణ మాట కంటే ముందు శుభ్రత మాటే వచ్చింది.

ఇక్కడ చరిత్రకారునికి ఒక చిక్కు ఎదురవుతుంది. లాకీష్ దువ్వెనకు పేను అంటుకొని ఉంది కనుకనే అది దేనికి వాడారో రుజువైంది. జుదియా ఎడారిలో దొరికిన పురాతన దువ్వెనలలో మమ్‌కుయోగ్లు, జయాస్ అనే పరిశోధకులు పేలనూ ఈళ్ళనూ గుర్తించగలిగారంటే, అవి సరిగా శుభ్రపడకపోవడమే కారణం. చక్కగా కడిగి, ఆరబెట్టి, దాచిన దువ్వెన మనకు ఏమీ చెప్పదు. శుభ్రత అనే శ్రమ ఎంత సఫలమైతే దాని ఆనవాలు అంతగా చెరిగిపోతుంది. ఇంటి ఆడవారు తరతరాలుగా చేసిన పని చరిత్రకు ఎక్కకపోవడానికి ఇదొక కారణం.

కొమ్ము, కొయ్య, వేడినీళ్ళు

దువ్వెనను ఎలా శుభ్రం చేయాలన్నది అది దేనితో తయారైందన్న దానిపై ఆధారపడుతుంది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి తెలుగువారికి పరాయి ఊరు కాదు. అక్కడి కొమ్ముపనిలో దువ్వెనలకు చోటుంది. పశువుల కొమ్మును వేడిచేసి మెత్తబరిచి, అదిమి పలకగా చేసి, పళ్ళు కోస్తారు. కొమ్మూ వెంట్రుకా రెండూ కెరటిన్ అనే ఒకే పదార్థం. కొమ్ముకు ఆకారమిచ్చిన వేడే దాని ఆకారాన్ని చెడగొడుతుంది. కాబట్టి కొమ్ము దువ్వెనను వేడినీళ్ళలో నానబెట్టకూడదు. కొయ్య దువ్వెన నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పళ్ళు చీలుతాయి.

అందువల్ల పాత ఇళ్ళలో శుభ్రత అంతా చేతిపనే. పేల దువ్వెన పళ్ళ మధ్యగా గట్టి దారాన్ని పోనిచ్చి అటూ ఇటూ లాగడం, పిన్నీసుతో జిడ్డు గీకడం, కుంకుడు రసంలో తడిపిన గుడ్డతో తుడవడం, ఆపైన కాస్త నూనె రాసి నీడలో ఆరబెట్టడం. కుంకుడులోని సాపోనిన్లు నూనెజిడ్డును నీటిలో కలిసేలా చేస్తాయి. ఒమాన్‌లో తల రుద్దుకోవడానికి వాడే సిద్ర్ చెట్టు ఆకు కూడా నురుగునిచ్చేదే. ఆ చెట్టు మన రేగుకు దగ్గరి చుట్టం.

1851లో నెల్సన్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందిన గట్టి రబ్బరు, 1870 ప్రాంతంలో వచ్చిన సెల్యులాయిడ్, ఆ తరువాతి ప్లాస్టిక్కులు దువ్వెనను చవకబరిచాయి. ప్లాస్టిక్కు సబ్బునీళ్ళను లక్ష్యపెట్టదు. పేలు పడ్డ తల దువ్విన దువ్వెనను 54 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని నీటిలో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఇప్పుడు సలహా ఇస్తుంది. కొమ్ము దువ్వెనల కాలంలో ఈ సలహా ఇచ్చి ఉంటే దువ్వెన మిగిలేది కాదు.

బ్రష్షు లోపలి అర

బ్రష్షు కథ వేరు. పళ్ళ సందులు బయటికి కనిపించే దువ్వెనలా కాక, కుచ్చుల అడుగున మురికిని దాచుకోవడం దాని స్వభావం. ఈ ఇబ్బందిని సూటిగా ఎదుర్కొన్నది లైడా న్యూమన్ అనే ఆఫ్రికన్ అమెరికన్ మహిళ. 1898 నవంబరులో ఆమె పొందిన పేటెంటులో కుచ్చుల భాగం ఊడివస్తుంది, రాలిన చెత్త పడడానికి లోపల ఒక అర ఉంటుంది. శుభ్రం చేసే చేతుల కోసం రూపొందిన బ్రష్షు అది. న్యూయార్కులో స్త్రీల ఓటుహక్కు కోసం పనిచేసినవారిలో కూడా ఆమె ఒకరు.

శుభ్రత లోపిస్తే ఏమవుతుందో మొదటి ప్రపంచ యుద్ధకాలం చూపింది. సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన గడ్డం బ్రష్షుల వల్ల సైనికులకూ పౌరులకూ ఆంత్రాక్స్ సోకింది. నేటి రబ్బరు మెత్త బ్రష్షులకు అంత ముప్పు లేదు గాని, మెత్తకున్న చిన్న రంధ్రం గుండా నీరు లోపలికి చేరితే అది త్వరగా ఆరదు. అందుకే వాటిని ముంచకుండా, కుచ్చులను మాత్రం తడిపి రుద్ది, బోర్లించి ఆరబెట్టాలి.

చిక్కు వెంట్రుకల వెల

దువ్వెన నుంచి తీసిన వెంట్రుకలు మన ఇళ్ళలో చెత్త కావు. వాటిని ఉండ చుట్టి చూరులోనో గోడ సందులోనో దోపేవారు. ఇంట్లో వెంట్రుకలు ఎగరకూడదన్న పట్టింపూ, పరాయివారి చేతికి చిక్కకూడదన్న భయమూ ఒక పక్క, వీధిలోకి వచ్చే వెంట్రుకలు కొనేవాడు మరో పక్క. వాడు పిన్నులో, బుడగలో, స్టీలు గిన్నెలో ఇచ్చి ఆ ఉండలను తీసుకుపోయేవాడు.

ఆ ఉండల దారి పొడవైనది. ఎమ్మా టార్లో 2016లో ప్రచురించిన గ్రంథంలో ఈ వ్యాపారాన్ని దేశదేశాలు తిరిగి వివరించింది. కర్ణాటకలోని కొప్పళ ప్రాంతం, మన పశ్చిమ గోదావరి, ఆపైన మయన్మార్ ఈ దారిలో మజిలీలు. తిరుమలలో సమర్పించిన జుట్టులో మొదళ్ళన్నీ ఒకవైపే ఉంటాయి. దువ్వెన ఉండలో మొదళ్ళూ కొసలూ కలగలిసిపోతాయి. వెంట్రుక మీది పొలుసులు ఎదురెదురై చిక్కు పడతాయి. ఆ చిక్కును చేతులతో విప్పేవారు ఎక్కువగా పేద స్త్రీలు. 2022 జనవరిలో భారత ప్రభుత్వం ముడి వెంట్రుకల ఎగుమతిపై ఆంక్ష విధించింది. అంటే అద్దం ముందు తలదువ్వుకొని తీసి పడేసిన పోగు, విదేశీ వాణిజ్య విధానంలో ఒక పద్దు.

మళ్ళీ హమ్రియా

గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీల గురించి జీతాల లెక్కలు, వీసాల లెక్కలు, పంపిన డబ్బు లెక్కలు దొరుకుతాయి. వారు ఇతరుల ఇళ్ళలో కడిగి ఆరబెట్టిన దువ్వెనల లెక్క దొరకదు. హమ్రియాలో గది పంచుకున్నవారు అద్దం పంచుకోవచ్చు, సబ్బు పంచుకోవచ్చు. దువ్వెన మాత్రం ఎవరిది వారిదే కావాలి. పేలు ఎక్కువగా తల నుంచి తలకు నేరుగా పాకుతాయన్నది నిజమే, అయినా ఇరుకు గదిలో ఆ చిన్న వస్తువే మనిషికి మిగిలిన సొంత ఆస్తి. అక్కడ వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి రాడు. స్వగ్రామంలో గిన్నెగా మారిన ఉండ ఇక్కడ చెత్తబుట్టలో పడుతుంది.

రాస్ అల్ జింజ్ దువ్వెన యజమాని పేరు మనకు తెలియకపోవడానికి నాలుగు వేల ఏళ్ళ దూరం కారణమని సరిపెట్టుకోవచ్చు. హమ్రియా దువ్వెన విషయంలో ఆ సాకు లేదు. దాన్ని వాడినవారు బతికే ఉన్నారు, మన భాషే మాట్లాడతారు. వలస చరిత్ర రాసేవారు వారిని జీతం గురించి అడిగినప్పుడే, ఊరు వదిలేటప్పుడు పెట్టెలో ఏ దువ్వెన పెట్టుకున్నారని కూడా అడగాలి.