సాలెంపూరు నుంచి తామ్రపత్రం దాకా

కోరమండల తీరపు వస్త్రవ్యాపార చరిత్ర వ్రాసినవారు ఓడల పేర్లు వ్రాశారు, ఆ ఓడలను నడిపిన కంపెనీల పేర్లు వ్రాశారు, కంపెనీలు కట్టుకున్న కోటల పేర్లు వ్రాశారు. బట్టకు కూడా పేరున్నది. ఆ బట్టను నేసినవాని పేరు మాత్రం ఆ పుటలలో సాధారణంగా కానరాదు. నేతగాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పురస్కారాల విలువ ఎంత అనే ప్రశ్నను నేను ఈ లోటు దగ్గరనుంచే మొదలుపెడతాను. బహుమతి సొమ్ము దగ్గర మొదలుపెడితే చర్చ రెండు మాటలలో ముగిసిపోతుంది.

డచ్చివారు పులికాటులో గెల్డ్రియా కోటను 1613లో కట్టారు. ఆంగ్లేయులు 1626 ప్రాంతంలో దానికి ఉత్తరాన దుగరాజపట్నంలో స్థావరం ఏర్పరచుకొని, ఆ ఊరిని ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. ఇద్దరికీ కావలసినది బట్టే. ఆర్మగాన్ లో ఉన్న ఫ్రాన్సిస్ డే అంతకన్న చవకగా బట్ట దొరికే చోటు వెదుక్కుంటూ దక్షిణానికి పోయి 1639లో చెన్నపట్నం స్థలాన్ని సంపాదించాడు. అంటే ఒక మహానగరం పుట్టుకలో మన నెల్లూరు తీరపు బట్టల బేరానికి కొంత పాలున్నది. నెల్లూరివారు ఈ సంగతిని ఇంకొంచెం గర్వంగా చెప్పుకోవచ్చునని నా అభిప్రాయం.

ఆ తరువాతి కాలంలో నెల్లూరు పేరు సముద్రాలు దాటినది సాలెంపూరు వలన. నీలిరంగు అద్దిన ముతక నూలుబట్ట అది. నెల్లూరు ప్రాంతంలో తయారై వెస్టిండీసు దీవులకు ఎగుమతి అయ్యేది. అక్కడి తోటలలో పనిచేసే బానిసలకు కట్టబెట్టే వస్త్రం అదే. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వ నిర్మూలన శాసనం చేసి, అది మరుసటి సంవత్సరం అమలులోకి రాగా, సాలెంపూరుకు గిరాకీ పడిపోయినది. ఒక ఖండంలో సంకెళ్ళు తెగితే మరొక ఖండంలో మగ్గాలు ఆగిపోయాయి. నేసినవానికి కట్టినవాడు తెలియడు, కట్టినవానికి నేసినవాడు తెలియడు. ఇద్దరి పేర్లూ ఏ ఖాతాలోనూ లేవు. సాలెంపూరు అన్న మాట మాత్రం నిఘంటువులలో మిగిలినది.

పందొమ్మిదవ శతాబ్ది నడిమి నుంచి ప్రదర్శనల యుగం వచ్చినది. 1851లో లండను మహాప్రదర్శన. 1855లోనూ 1857లోనూ మద్రాసులో ప్రదర్శనలు జరిగాయి. న్యాయనిర్ణేతలు, పతకాలు, నివేదికలు, ఈ తంతు అంతా మనకు అప్పుడే పరిచయమైనది. మెచ్చుకోలు వెనుక మరొక లెక్క ఉండేది. ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన 1866లో భారతీయ వస్త్రాల నుంచి కత్తిరించిన 700 నమూనాలను 18 సంపుటాలుగా కూర్చాడు. అటువంటి ప్రతులు ఇరవై తయారుచేయించి పదమూడింటిని బ్రిటనులోనే పంచారు, ఏడింటిని మనదేశానికి పంపారు. మాంచెస్టరు మరల యజమానులు హిందూదేశపు అభిరుచిని తెలుసుకొని అటువంటి సరుకును తయారుచేయాలన్నది ఉద్దేశం. మంచి నేతను ఎన్నిక చేసి, అద్దాలబీరువాలో పెట్టి, దాని పోగులు లెక్కపెట్టుకొని పోవడం ఆనాటి గౌరవం. నేడు ఒక చీరకు బహుమతి వచ్చి దాని బొమ్మ పత్రికలలో పడిన తరువాత అదే అంచు, అదే బుటా మరమగ్గంపై దిగిపోతుందని నేతవారు వాపోతుంటారు. ఇందులో కొత్తేమీ లేదు. నూటయాభై యేళ్ళ పాత కథే.

ఇక వెంకటగిరి. దీని పాతపేరు కలిమిలి. వెలుగోటివారి సంస్థానం. (2022 నాటి జిల్లాల పునర్విభజనలో ఈ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయినది గాని, నెల్లూరివాళ్ళ నోట అది ఇంకా నెల్లూరు చీరే.) సన్నని నూలు, జరీ అంచు, చిలుకలు, హంసలు, మామిడిపిందెలు. పడుగులోనూ పేకలోనూ నూరవ నంబరు నూలు వాడటం ఇక్కడి ప్రతిష్ఠ. రాజుగారి తలపాగాకు, దొరసానుల చీరలకు నేసినవారికి వేరే పురస్కారం అక్కరలేదు. సంస్థానం కొన్నది అంటేనే అది బిరుదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసిన తరువాత ఆ కొనేచేయి పోయినది. ఖాళీ అయిన ఆ స్థానంలోకి సహకార సంఘాలు, ఆప్కో దుకాణాలు, వాటితోపాటు పురస్కారాలు వచ్చాయి. జాతీయస్థాయిలో శిల్పులకు, నేతగాళ్ళకు అవార్డులిచ్చే ఏర్పాటు 1965లో మొదలైనది. ఈ ఏర్పాటును నేను సంస్థానపు ఆదరణకు వారసురాలిగానే చూస్తాను, ఒక తేడాతో. రాజుగారు చీర కొనేవారు, మళ్ళీ మరుసటి పండుగకు కూడా కొనేవారు. ప్రభుత్వం ఒకసారి మెచ్చుకొని ఊరుకుంటుంది.

తేడా అక్కడితో ఆగదు. పోటీకి పంపే చీర అమ్మకానికి నేసే చీర కాదు. నెలల తరబడి మగ్గం దానికే అంకితం కావాలి. నూలు, జరీ, రంగు పెట్టుబడి ముందే పెట్టాలి. నెగ్గకపోతే దానిని అంత ధరకు కొనే నాథుడు దొరకడం కష్టం. ఆ పణం ఒడ్డగలిగినవాడు తరచు పదిమంది చేత నేయించే ఆసామి. కూలికి నేసేవాడు ఒడ్డలేడు. జాందానీ బుటాకు మగ్గం మీద తరచు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. వారి వెనుక రంగు అద్దినవారు, పడుగు పోసినవారు, కండెలు చుట్టిన ఇంటి ఆడవారు ఉంటారు. ప్రశంసాపత్రంలో పట్టేది ఒక్క పేరు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ వృత్తిలో ఉన్నవారు 35.22 లక్షలు, అందులో స్త్రీలు డెబ్బై శాతానికి పైన. స్త్రీలకు ప్రత్యేకించి కమలాదేవి చట్టోపాధ్యాయ పేర పురస్కారాలు ఏర్పడినది చాలా ఆలస్యంగా.

సినిమా పురస్కారాలలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. సావిత్రి జీవితం ఆధారంగా 2018లో వచ్చిన 'మహానటి'కి వేషరూపకల్పనలో జాతీయ పురస్కారం లభించినది. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు దానిని పంచుకున్నారు. గౌరంగ్ షా జాందానీ నేతనే నమ్ముకున్న హైదరాబాదు రూపకర్త. మన చేనేతకు ఇంతకన్న పెద్ద వేదిక ఈమధ్య దొరకలేదు, సంతోషించవలసిన విషయమే. ఆ పురస్కారపు వర్గంలో రూపకర్తకు చోటున్నది, నేతగానికి లేదు. ఇది ఆ ముగ్గురి తప్పు కాదు, వర్గాన్ని ఏర్పరచినవారి ఊహ అంతవరకే పోయినది.

ఇన్ని లోపాలున్నా పురస్కారాలు వ్యర్థమనే మిత్రులతో నేను ఏకీభవించలేను. తెలంగాణలోని పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ పొందారు. తేలియా రుమాలు, ఇక్కత్తు అనే మాటల పక్కన మనిషి పేరు చేరినది. సాలెంపూరుకు ఆ భాగ్యం లేదు. భౌగోళిక గుర్తింపు చట్టం కూడా (1999లో చేసినది) ఊరి పేరునే కాపాడుతుంది. వెంకటగిరి చీరకు ఆ గుర్తింపు ఉన్నది. అందులో వ్యక్తి ఉండడు. మనిషికి పేరిచ్చే సాధనం ఈనాటికి ఈ తామ్రపత్రం, శాలువా మాత్రమే.

ఇప్పటి లెక్కలో సంత్ కబీర్ పురస్కారానికి మూడున్నర లక్షల రూపాయలు, బంగారు నాణెం, తామ్రపత్రం, శాలువా. జాతీయ పురస్కారానికి రెండు లక్షలు. ఆ నియమావళులతోపాటు చేనేత అభివృద్ధి పథకంలో మరొక ఏర్పాటు కూడా కలదు. అరవై యేళ్ళు దాటి, సంవత్సరానికి లక్ష రూపాయలకన్న తక్కువ ఆదాయం ఉన్న పురస్కార గ్రహీతకు నెలకు ఎనిమిదివేల రూపాయల సహాయం ఇస్తారు. తాను తామ్రపత్రం ఇచ్చిన చేయి ముదిమిలో లక్ష రూపాయలు కూడా సంపాదించలేకపోవచ్చునని ప్రభుత్వమే ముందుగా ఊహించి, దానికొక పద్దు వ్రాసిపెట్టినది.