గిద్దలూరు కూడలి: కనుమదారి నుంచి కాంక్రీటు దాకా

పడమట నల్లమల కనుమ దాటి నంద్యాలకు, తూర్పున కంభం మీదుగా మార్కాపురం, వినుకొండల వైపు, దక్షిణాన పోరుమామిళ్లకు పోయే దారులు గిద్దలూరులో కలుస్తాయి. ఈ కలయిక పాతదే. ఏ దారిమీద ఎంత బరువు పడిందన్నదే కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది.

1876–78 కరవు తరువాత ధాన్యం చేరవేతకు రక్షక రైలుమార్గాలు అవసరమని ప్రభుత్వం గుర్తించింది. ఆ ఆలోచన ఫలితంగానే సదరన్ మరాఠా రైల్వే మీటరుగేజి మార్గం గుంతకల్లు నుంచి నల్లమలను దాటి కృష్ణాతీరం చేరింది. కనుమలోని ఒక స్టేషను పేరు బొగద. మరాఠీలో బోగదా అంటే సొరంగం. ఆ నిర్మాణపు జాడ ఊరి పేరులో నిలిచినట్లే కనబడుతుంది.

1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడటంతో కర్నూలు నుంచి విడివడిన గిద్దలూరు ఒంగోలు పాలనలోకి వచ్చింది. పాలన తూర్పుకు తిరిగినా రైలు తిరగలేదు. అది గుంటూరు వైపే సాగింది. జిల్లా కేంద్రానికి పోవలసినవారికి రోడ్డే ఆధారమైంది. కూడలి రద్దీకి జనాభా పెరుగుదలను మాత్రమే కారణంగా చూపటం అందువల్ల చాలదు. అనంతపురం–గుంటూరు మార్గం 544డి జాతీయ రహదారి కావటంతో ఆ బరువు ఇంకా పెరిగింది.

1990వ దశకపు గేజి మార్పిడిలో రైలు కనుమలోని దొరబావి వంతెనను విడిచి కొత్త మార్గం, కొత్త సొరంగం చూసుకున్నది. ఊరి నడుమనున్న కూడలికి ఆ వెసులుబాటు లేదు. బండ్లు నడుస్తుండగానే దాన్ని బాగుచేయాలి. విజయవాడ బెంజి సర్కిల్‌లో ఒక పక్క ఫ్లైఓవరు 2020లోను, రెండవది 2021లోను వాడుకలోకి వచ్చాయి.

కూడలిలో లారీలు ఆగి, మలుపు తిరిగి, మళ్లీ కదులుతాయి. వేసవి ఎండకు మెత్తబడిన తారు ఆ ఒత్తిడికి గాడిపడుతుంది, కాంక్రీటు తట్టుకుంటుంది. అయితే పోసిన కాంక్రీటును కనీసం రెండు వారాలు తడిగా ఉంచాలి; దాని బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. అన్నాళ్లూ సగం దారి మూతపడుతుంది, అంగళ్ల ముందు బేరం తగ్గుతుంది. పశ్చిమ ప్రకాశం వంటి మెట్టప్రాంతంలో క్యూరింగు నీరు చిన్న విషయం కాదు.

ఇంజనీరింగు శాఖ ఎం.బుక్‌లో ఘనమీటర్లు నమోదవుతాయి. ఆ నీరు ఎక్కడిదో, ఆగిపోయిన బేరం ఎంతో అందులో ఉండవు. పొరుగునే ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ విషయంలో మెరుగు. 1369 నాటి ఆ సంస్కృత శాసనం రోజూ వేయిమంది కూలీలు, రాళ్లకు నూరు బండ్లు, రెండేళ్ల కాలం అని లెక్క చెప్పింది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను కూడా పేర్కొన్నది. కూడలి చరిత్ర రాయబోయే పరిశోధకుడు ఎం.బుక్‌తోపాటు వర్తకుల అర్జీలను, నీటి ట్యాంకర్ల బిల్లులను కూడా దొరికినంతవరకు ఇప్పుడే సేకరించవలసి ఉంది.