సముద్ర ఆమ్లీకరణ, లేత సముద్రగడ్డి

సముద్రగడ్డి నాచు కాదు; వేరు, పువ్వు, విత్తనం ఉన్న మొక్క. బొగ్గు, చమురు మండించగా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటుంది. దాంతో నీటి ఆమ్లత పెరిగి, పారిశ్రామిక విప్లవం నాటి నుంచి పైనీటి పీహెచ్ దాదాపు 8.2 నుంచి 8.1కి దిగింది. అంకె చిన్నదే. హైడ్రోజన్ అయాన్లు మాత్రం పావు వంతుకు పైగా పెరిగాయి.

గవ్వలకూ పగడాలకూ ఈ ఆమ్లీకరణ చేటు. గడ్డికి మాత్రం కొంత లాభమే. సముద్రంలో కార్బన్ ఎక్కువగా బైకార్బనేట్‌గా ఉంటుంది. దాన్ని వాడుకోవడానికి మొక్క శక్తి ఖర్చుపెట్టాలి. కరిగిన కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆ శ్రమ తగ్గుతుంది.

మధ్యధరా సముద్రపు గడ్డి పొసిడోనియానే చూడండి. దాని కాయ నీటిపై తేలుతూ వెళ్లి పగులుతుంది, విత్తనం అడుగుకు చేరుతుంది. ఆ విత్తనమే ఆకుపచ్చగా ఉండి కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. తొలి నెలల్లో మొలకకు అందులోని నిల్వలే ఆధారం. కాబట్టి కార్బన్ పుష్కలంగా దొరికినంత మాత్రాన మొలక ఏపుగా పెరగాలనేమీ లేదు. వెలుతురు, నత్రజని కూడా అందాలి.

ఇటలీలోని ఇస్కియా దీవి దగ్గర సముద్రగర్భం నుంచి సహజంగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తుంటాయి. అక్కడ ఈ గడ్డి ఒత్తుగా పెరుగుతుంది. ఆకులకు పట్టే సున్నపు నాచు మాత్రం కనిపించదు. అయితే ఇలాంటి బుడగలే వచ్చే ఇటలీలోని వుల్కానో దీవి వద్ద మరో జాతి గడ్డిలో, మేసే జీవుల నుంచి కాపాడే ఫినాలిక్ పదార్థాలు తగ్గినట్టు 2012లో వెల్లడైంది. పొసిడోనియాలోనూ ఇలాగే జరిగితే లేత ఆకులకు ఇదే అసలు గండం కావచ్చు: సలేమా చేపలు ఈ గడ్డిని ఇష్టంగా మేస్తాయి.