రెండొందల యాభై రూపాయల మర్యాద

ఇట్టా రా, మంట దగ్గరికి జరుగు. ఆ ఫోను జేబులో పెట్టు. ఇందాక ఎవరో ఎమ్మెల్యే అభ్యర్థి మాటలు వినిపించావే, నాయకత్వమంటే ఇది, సేవంటే అది, ఎదుటివాణ్ణి పల్లెత్తు మాటనను అనీ. బాగానే చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ గదా! మా రోజుల్లో ఓటడగటానికి వచ్చినాయన ఏం మాట్లాడాడో తర్వాత చూసేవాళ్ళం. గుమ్మంలో చెప్పులెట్టా విడిచాడు, అరుగు మీద ఎంతసేపు కూర్చున్నాడు, ఇచ్చిన మజ్జిగ తాగాడా, మొహమాటానికి మూతి తడుపుకున్నాడా, అదీ లెక్క. నవ్వుతావేందిరా? ఇను.

నాకు ఊహ తెలిశాక మొదటి ఎన్నిక 1952ది. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. మాది రేపల్లె లైను మీది ఊరు. ఊళ్ళో గడియారం లేకపోయినా తెనాలి నుంచి పాసింజరు వచ్చిందంటే అన్నాల వేళ తెలిసేది. అదెప్పుడూ ఆలస్యమే కాబట్టి అన్నాలూ ఆలస్యమే. సరే, రైలు సంగతి మళ్ళీ చెప్తా. అప్పుడు ఓటంటే మీట నొక్కడం లేదు, ముద్ర వేయడం లేదు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. కాంగ్రెసుకు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. చాటుకెళ్ళి నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. మా నాయనమ్మ పసుపూ కుంకుమా కొంగున మూటగట్టుకుని పోయింది. అక్కడున్న అయ్యవారు "అమ్మా, ఇది గుడి కాదు" అంటే, "ఎద్దుల బొమ్మకి బొట్టు పెడితే నీ సొమ్మేం పోయింది నాయనా" అని గదమాయించి, దణ్ణం పెట్టుకునే వచ్చింది. చీటీ మాత్రం ఏ పెట్టెలో వేసిందో మా తాతకి చచ్చిందాకా చెప్పలేదు.

శాసనసభకు నిలబడాలంటే డిపాజిట్టు రెండొందల యాభై రూపాయలు. "ఓస్, అంతేనా" అనబాకు. తులం బంగారం వందలోపు దొరికిన రోజులు. తెనాలి హోటల్లో అణా పెడితే గ్లాసు నిండా కాఫీ, పైన నురగ. అంటే రెండున్నర తులాల బంగారం సర్కారు చేతిలో పెట్టి, పోలైన ఓట్లలో ఆరోవంతు రాకపోతే దానికి నీళ్ళొదులుకోవాలి. ఆ రెండొందల యాభైయే 1996 దాకా నడిచింది. తర్వాత అయిదు వేలు చేశారు, ఇప్పుడు పదివేలు. పదివేలకి బంగారం ఎంతొస్తుందో మీ అమ్మనడుగు, ముక్కుపుడక దగ్గరే ఆగుతుంది. ఖర్చు మాత్రం నలభై లక్షల దాకా పెట్టుకోవచ్చని రూలు. నేను రూలు వరకే చెప్తా, ఆపైన నన్నడగబాకు.

ఆ రోజులన్నీ రామరాజ్యం అనుకునేవు సుమా! 1955 ఎన్నిక చూసుంటే అట్టా అనవు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది, దాంతో వచ్చింది ఆ ఎన్నిక. ఆ ఫిబ్రవరిలో ఊరూరా చీలిపోయింది. ఒక వీధిలో ఒకరి బుర్రకథ, పక్క వీధిలో ఇంకొకరి పాట. సొంత అన్నదమ్ములు ఒకే బావిలో నీళ్ళు తోడుకోవడం మానేశారు. రాజ్యం మాదేనన్న కమ్యూనిస్టులకి పెట్టెలు తెరిస్తే వచ్చినవి పదిహేను సీట్లు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ గుమ్మాల ముందే టపాకాయలు కాల్చారు. మా నాయన గెలిచిన పక్షమే. అయినా ఆ రాత్రి ఎదురింటి మామని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు. ఆహా ఎంత గొప్ప మనసో అని మేం మురిసిపోతుంటే, చెయ్యి కడుక్కుంటూ మెల్లిగా అన్నాడు: "ఎల్లుండి మినుము నూర్పిడి. వాళ్ళ ఎడ్లు కావాలి." నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊళ్ళో నోరు మంచిగా ఉండటానికి సగం కారణం ఎడ్లేరా.

ఇక సేవంటావా. 1977 నవంబరు 19 ఉప్పెన నీకు పుస్తకాల్లో దివిసీమ పేరుతో తెలుసు. ఇటు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు కూడా తక్కువ కొట్టలేదు. మూడు నెలల్లో అసెంబ్లీ ఎన్నికలున్నాయి. దాంతో బియ్యం బస్తాల పక్కన నిలబడే నాయకులకి కరువు రాలేదు. మా పక్కూళ్ళో ఒక మాస్టారుండేవాడు. పంచాయతీకి నిలబడి అప్పటికే రెండుసార్లు ఓడాడు. ఆయన పంచె గోచీ పెట్టి, ముక్కుకి కర్పూరం వేసిన గుడ్డ కట్టుకుని, చచ్చిన గొడ్లని తాళ్ళతో ఈడ్పించి పూడ్పించాడు. నాలుగు రోజులు అదే పని. ఆ కంపుకి బియ్యం పంచేవాళ్ళు కూడా ఆయన పక్కకి వచ్చేవాళ్ళు కాదు. తర్వాత వచ్చిన పంచాయతీ ఎన్నికలో మళ్ళీ నిలబడ్డాడు. మళ్ళీ ఓడాడు. ఎందుకయ్యా అంటే, "మంచోడే గానీ, ఖర్చు పెట్టడు" అన్నారు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య. ఈ సామెత నాయకులకే అంటగడతారు గానీ, ఓటర్లకీ చక్కగా సరిపోతుంది.

సత్తెనపల్లి వైపు వాళ్ళు ఆ పొరపాటు చేయలేదులే. వావిలాల గోపాలకృష్ణయ్యగారిని నాలుగుసార్లు గెలిపించుకున్నారు. మోకాళ్ళ దాకా ఖద్దరు, భుజాన ఓ సంచి, అంతే ఆయన హంగు.

నాయకత్వం మాటకొస్తే, తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరిగారి సంగతి మా తాత చెప్పేవాడు. కవిరాజన్నా ఆయనే, సూతాశ్రమం ఆయన ఇల్లే. 1925లో మునిసిపల్ ఛైర్మనయ్యాడు. గంగానమ్మకి జంతుబలులు వద్దన్నాడు. జాతరే ఆగిపోయింది. జాతర ఆగితే జనం ఊరుకుంటారా! కౌన్సిలర్లు అవిశ్వాసం పెట్టి దింపేశారు. దిగాడు గానీ మాట మార్చుకోలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. మా తాతకి ఆయన సిద్ధాంతాలు బొత్తిగా గిట్టవు, రోజూ గుడికెళ్ళే మనిషి. "మాట మీద నిలబడితే తిట్టడానిక్కూడా తృప్తిగా ఉంటుందిరా" అనేవాడు.

ఏదో చెప్తూ ఎటో పోతున్నా. ఆఁ, మర్యాద. ఒక చిత్రం చూడు. అసెంబ్లీలో అందరినీ "కూర్చోండి, దయచేసి కూర్చోండి" అని బతిమాలే ఉద్యోగం స్పీకరుది గదా. ఆ ఉద్యోగానికి మనుషుల్ని పంపడంలో మన వైపు అందె వేసిన చెయ్యి. బాపట్ల నుంచి 1967, 1972, 1978ల్లో వరసగా గెలిచిన కోన ప్రభాకరరావుగారు 1981లో స్పీకరు. ఆ తర్వాత గవర్నరుగిరీ కూడా చేశాడు, పాండిచ్చేరి, సిక్కిం, మహారాష్ట్ర అని. వయసులో సినిమాల్లో వేషాలు వేసిన మనిషి. సభని పట్టుకోవడం కొంత అక్కడ అబ్బిందేమోనని నా అనుమానం. వాళ్ళబ్బాయి రఘుపతి 2019లో డిప్యూటీ స్పీకరు. తెనాలి నాదెండ్ల మనోహర్ 2011 నుంచి 2014 దాకా స్పీకరు. రాష్ట్రం రెండు ముక్కలయ్యే బిల్లు సభకొచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. ఆ రోజుల్లో సభ ఎట్టా ఉడికిపోయిందో టీవీలో చూశాం. ఆ కుర్చీ ఎవరికీ కోరుకోను.

ఇంతమంది సభామర్యాద నేర్పేవాళ్ళని పంపిన నేల మీదే 2024 మే 13న ఏం జరిగిందో నువ్వే నాకు ఫోనులో చూపించావు. తెనాలి పోలింగ్ బూత్‌లో, అప్పటి ఎమ్మెల్యే, మళ్ళీ నిలబడ్డ అభ్యర్థి, ఓటరు చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆ ఓటరు ఆలోచించలేదు, అక్కడికక్కడే తిరిగిచ్చాడు. వరస తప్పి వెళ్తున్నారేమని అడిగినందుకే కొట్టాడని ఆ ఓటరు, నన్ను దూషించాడని ఆయన. పోలింగ్ అయిందాకా ఆయన్ని ఇంట్లోనే ఉంచమంది ఎన్నికల సంఘం. అభ్యర్థులు ఎట్టా నడుచుకోవాలో కాయితం మీద రాసుకోవడం మొదలైంది 1960లో, కేరళ ఎన్నికలప్పుడు. అంటే అప్పటికే రాసుకోవాల్సిన అవసరం వచ్చిందన్నమాట. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. చెయ్యి జారుతుందని వాళ్ళకి తోచలేదు పాపం.

ఆవలింతలు ఆపు, అయిపోవచ్చింది. ఆ ఎన్నికలప్పుడే మనింటికీ వచ్చాడు ఒకాయన. ఏ పార్టీ అనేది నీకెందుకు. కూర్చో నాయనా అంటే, టైం లేదు తాతగారూ అన్నాడు. మజ్జిగ తెమ్మంటే, ఇప్పుడే తాగానన్నాడు. వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కెమెరా కుర్రాడు "సరిగ్గా పడలేదు సార్" అన్నాడు. మళ్ళీ వంగాడు. నేనూ మళ్ళీ దీవించా. ఒక్క ఓటుకి రెండు దీవెనలు పట్టుకుపోయాడు, లాభసాటి బేరమే.