అచ్చయ్యాక దొరికే ఫాల్టులు

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ టెన్నిస్ ఫైనల్ అప్పుడే ముగిసింది. డెల్ పోట్రోను ఓడించి ఆండీ ముర్రే వరసగా రెండోసారి సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. బీబీసీ తరఫున మైకు పట్టుకున్న జాన్ ఇన్వర్‌డేల్, ఒలింపిక్స్ టెన్నిస్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన తొలి వ్యక్తి మీరేనంటూ పొగిడాడు. ముర్రే ఆ పొగడ్తను అక్కడికక్కడే సవరించాడు. సింగిల్స్ టైటిల్ నిలబెట్టుకున్న మాట నిజమే గానీ, వీనస్, సెరెనా చెరో నాలుగు గెలిచినట్టున్నారే అన్నాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ నిజంగానే నాలుగేసి గెలిచారు.

కోర్టులో బంతి గీత దాటితే ‘ఔట్’ అన్న కేక ఆ క్షణమే వినిపిస్తుంది. వార్త గీత దాటితే మాత్రం తెల్లారి పాఠకుడు పట్టుకోవాల్సిందే. ఈ తప్పులు ఎక్కడ మొదలయ్యాయో వెతుక్కుంటూ వెళితే, మొదట్లో ఆటా పత్రికా ఒకే ఇంట్లో ఉండేవని తెలుస్తుంది.

1877లో తొలి వింబుల్డన్ జరిగింది. లండన్ నుంచి వెలువడే ‘ది ఫీల్డ్’ వారపత్రిక సంపాదకుడు జాన్ హెన్రీ వాల్ష్ ఆ పోటీ నడిపిన క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. విజేతకు 25 గినీల విలువైన వెండి కప్పు ఇచ్చిందీ ఆ పత్రికే. ఆ పత్రికలో రాసే హెన్రీ జోన్స్ పోటీ నియమాలు తయారుచేసినవారిలో ఒకడు. ఫైనల్‌కు రెండొందల మంది దాకా తలా ఒక షిల్లింగు ఇచ్చి వచ్చారు. స్పెన్సర్ గోర్ గెలిచాడు. ఆట నడిపిన చేతులే వార్త కూడా రాస్తే తప్పు దూరడానికి సందు తక్కువ. ఆడే చోటూ అచ్చువేసే చోటూ వేరైనకొద్దీ ఆ సందు పెరుగుతూ వచ్చింది.

తంతివార్తల కాలంలో మాటకింత అని రుసుము. విలేకరి పొదుపు కోసం చిన్న మాటలు తీసేసి పంపేవాడు, ఇవతల డెస్కులో కూర్చున్నవాడు వాటిని ఊహించి పూరించేవాడు. ఒక మాట తగ్గితే ఏమవుతుందో అచ్చు లోకం అంతకు చాలాముందే చూసింది. 1631లో లండన్‌లో అచ్చయిన బైబిల్లో పది ఆజ్ఞల్లోని ఒకదాంట్లో ‘వద్దు’ అన్న మాట జారిపోయి, వ్యభిచారం చేయమన్న ఆజ్ఞ తయారైంది. ముద్రాపకులకు 300 పౌన్ల జరిమానా పడింది.

మన దగ్గరికి వద్దాం. పాలమూరుకు పత్రికలతో చుట్టరికం పాతదే. 1913లో మహబూబ్‌నగర్ నుంచి శ్రీనివాస శర్మ సంపాదకత్వంలో ‘హితబోధిని’ వెలువడింది. తెలంగాణ తొలితరం తెలుగు పత్రికల్లో దాని పేరు తప్పక చెబుతారు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. 1926లో హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డే.

అదంతా సీసపు అక్షరాల కాలం. తలకట్టూ గుడీ కొమ్మూ వత్తూ కలిసి తెలుగు కేసులో వందల గళ్ళు. కంపోజిటర్ ఒక్కో అక్షరాన్నీ ఏరి స్టిక్కులో పేర్చాలి, అదీ తలకిందులుగా. వ, ప, మ అన్నవి ప్రెస్సులోని మసక వెలుతురులో అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. అచ్చవుతుండగా ఒక కొమ్ము విరిగితే ప్రూఫ్‌రీడర్ చేయగలిగిందేమీ లేదు. విశాఖదత్తుడి నాటకం పేరు తెచ్చి ఈ తప్పులకు ముద్రారాక్షసాలని పెట్టుకుని నవ్వుకున్నారు మనవాళ్ళు.

ఆటల వార్తలో ఆ రాక్షసుడికి బలం ఎక్కువ. ‘ఓడించింది’లో నడుమ ఒక్క అక్షరం ఎగిరిపోతే ‘ఓడింది’ మిగులుతుంది, గెలిచిన అమ్మాయి ఇంటిదారి పడుతుంది. టెన్నిస్‌లో ఇంకో చిక్కు స్కోరుతో. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో సానియా మీర్జా 6-4, 5-7, 6-3తో అల్యోనా బొండరెంకోపై గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారత మహిళ అయింది. ఇలా రాసినప్పుడు స్కోరులో ముందు వచ్చే అంకె గెలిచినవారిది. అదే వాక్యాన్ని తిరగేసి, బొండరెంకో సానియా చేతిలో ఓడిందని మొదలుపెడితే స్కోరు కూడా తిరగబడి 4-6, 7-5, 3-6 కావాలి. వాక్యం తిప్పి స్కోరు తిప్పడం మరిచిపోతే ఓడిన మనిషి రెండు సెట్లు గెలిచినట్టు అచ్చవుతుంది. హడావుడిలో ఉన్న ఏ డెస్కుకైనా ఇది పక్కనే కాచుకుని ఉండే గొయ్యి.

1949లో వార్తాసంస్థ పీటీఐ పనిలోకి దిగింది, 1961లో యూఎన్ఐ వచ్చింది. టెలిప్రింటర్ మీద ఇంగ్లిష్ కాపీ గడగడా దిగడం మొదలైంది. ఇంగ్లిష్ పత్రికకు పేరుతో పేచీ లేదు, వచ్చిన స్పెల్లింగు వచ్చినట్టు వేసుకుంటుంది. తెలుగులో అలా కుదరదు, పలికినట్టే రాయాలి. ఫ్రెంచివాడి పేరు చివర అక్షరం పలుకుతుందో లేదో, సెర్బియావాడి పేరు మొదట ‘డ’ ఉందో ‘జ’ ఉందో రాత్రి పదకొండింటికి తేల్చుకోవాలి. అందుకే ఒకే ఆటగాడు ఒక పత్రికలో జకోవిచ్, ఇంకోదాంట్లో జొకోవిచ్. పేర్లలో మరో బోల్తా రోలాండ్ గారోస్. పారిస్ స్టేడియానికి ఆయన పేరుంది కాబట్టి పాతకాలపు టెన్నిస్ వీరుడై ఉంటాడనుకునేవారు ఎక్కువ. ఆయన విమానం నడిపేవాడు. పాలమూరులో హితబోధిని మొదలైన 1913లోనే మధ్యధరా సముద్రాన్ని ఆగకుండా విమానంలో దాటాడు, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు.

తరవాతి తప్పు గడియారానిది. దూరాలకు పోయే ప్రతులు ముందు అచ్చవుతాయి, సిటీ ప్రతులు చివర. 2008 వింబుల్డన్ ఫైనల్లో నాదల్ మొదటి రెండు సెట్లు గెలిచాడు. హెడ్డింగ్ పెట్టేయాలని చెయ్యి దురద పెట్టే సమయమది. వాన వచ్చింది. మూడో సెట్ ఫెదరర్‌ది. నాలుగో సెట్ టైబ్రేక్‌లో నాదల్ టైటిల్‌కు ఒక్క పాయింటు దూరంలో రెండుసార్లు నిలబడ్డాడు, రెండుసార్లూ ఫెదరర్ తప్పించుకున్నాడు. చివరికి 9-7తో ఐదో సెట్ నాదల్ గెలిచేసరికి మన గడియారంలో రాత్రి 1:46. అప్పటికి జిల్లా ప్రతులు చాలావరకు ప్రెస్సు దాటి ఉంటాయి. తొందరపడి ‘నాదల్‌దే టైటిల్’ అని వేసినవాడు కూడా ఆ రోజు అదృష్టం కొద్దీ గట్టెక్కేవాడే. 1948లో షికాగో ట్రిబ్యూన్‌కు ఆ అదృష్టం లేదు. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ట్రూమన్‌ను డ్యూయీ ఓడించాడని ముందే అచ్చేసింది, గెలిచిన ట్రూమన్ ఆ పేపరే ఎత్తి చూపి నవ్వాడు.

కంప్యూటర్లు వచ్చాక అక్షరం విరగడం పోయింది. తప్పు కాస్తా హెడ్డింగులోకి వెళ్ళింది. కాలమ్ వెడల్పు ఇంతే, అక్షరాలు అంతే. ఏదో ఒక మాటకు కోత తప్పదు. ‘గ్రాండ్‌స్లామ్ టైటిల్’లో టైటిల్ పోయి ‘24 గ్రాండ్‌స్లామ్‌లు’ మిగులుతుంది. గ్రాండ్‌స్లామ్ అంటే ఒకే ఏడాది నాలుగు పెద్ద టోర్నీలూ గెలవడం. ఆ లెక్కన సింగిల్స్‌లో దాన్ని రెండుసార్లు సాధించినవాడు రాడ్ లేవర్ ఒక్కడే, 1962లో, 1969లో. 2015 ఏప్రిల్‌లో సానియా డబుల్స్ నంబర్‌వన్ అయింది. సింగిల్స్‌లో ఆమె అత్యుత్తమ ర్యాంకు 27. ‘డబుల్స్’ను కోసేస్తే ఆ తేడా గాలిలో కలుస్తుంది. 2024లో 43 ఏళ్ళ రోహన్ బోపన్న ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచినప్పుడు గ్రాండ్‌స్లామ్ గెలిచిన అతిపెద్ద వయస్కుడు అనేస్తే చాలదు. యాభైకి ఒక నెల తక్కువలో మార్టినా నవ్రతిలోవా 2006 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది.

2013లో ముర్రే వింబుల్డన్ గెలిస్తే బ్రిటన్ 77 ఏళ్ళ ఎదురుచూపు ముగిసిందన్న మాట ఊరంతా తిరిగింది. 1936లో ఫ్రెడ్ పెర్రీ తరవాత అన్నది లెక్క. ఆ మధ్యలో డొరతీ రౌండ్, ఏంజెలా మార్టిమర్, యాన్ జోన్స్, వర్జీనియా వేడ్ వింబుల్డన్ సింగిల్స్ గెలిచారు. నలుగురూ బ్రిటన్‌వాళ్ళే, నలుగురూ ఆడవాళ్ళే. కోసిన మాట ‘పురుషుల’. 2017 వింబుల్డన్‌లో శామ్ క్వెరీ చేతిలో ఓడి ముర్రే ప్రెస్‌మీట్‌కు వచ్చాడు. 2009 తరవాత మేజర్ సెమీస్ చేరిన తొలి అమెరికన్ క్వెరీ కదా అని ఒక విలేకరి మొదలుపెట్టాడు. ముర్రే మధ్యలోనే, పురుషుల్లో అని గుర్తుచేశాడు.

ఫొటోల సంగతి ఇంకో అధ్యాయం. డబుల్స్‌లో జోడీగా ఆడిన బ్రయాన్ కవలల్లో బాబ్ ఎడమచేతివాటం, మైక్ కుడిచేతివాటం. రాకెట్ ఏ చేతిలో ఉందో చూసి క్యాప్షన్ రాయాలి. మిక్స్‌డ్ డబుల్స్‌లో పేస్-మార్టినా జోడీ అంటే 2003లో నవ్రతిలోవా, 2015లో హింగిస్. ఫైల్ ఫొటో వెతికేవాడు ఏడాది చూసుకోకపోతే అంతే సంగతులు. 2022లో సెరెనా పెట్టుబడి సంస్థ గురించిన వార్తకు న్యూయార్క్ టైమ్స్ అచ్చు ప్రతిలో వీనస్ ఫొటో వేసింది. సెరెనా బహిరంగంగానే చురక వేసింది. మన దగ్గర 2019 జాతీయ క్రీడా దినోత్సవానికి విశాఖపట్నంలో వెలిసిన పోస్టరులో సానియా బొమ్మ కింద పి.టి. ఉష పేరుంది. ఒకరు పరుగు, ఒకరు రాకెట్. ఫొటో చూసి నవ్వుకోనివాళ్ళు లేరు.

తప్పులా కనిపించే నిజాలూ ఉన్నాయి. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహు మ్యాచ్ మూడు రోజులు నడిచింది. ఐదో సెట్ 59-59 దగ్గర వెలుతురు చాలక ఆపారు, చివరికి 70-68తో ఇస్నర్ గెలిచాడు. అంత లెక్క ఊహించని కోర్టు స్కోరుబోర్డు 47-47 దగ్గరే ఆగిపోయింది. అనుభవమున్న ప్రూఫ్‌రీడర్ ఎవరైనా ఆ అంకెల కింద ఎర్ర గీత గీసి ఉండేవాడు.

తప్పు ఒప్పుకోవడానికీ ఒక చరిత్ర ఉంది. 1997లో బ్రిటన్‌లో గార్డియన్ రోజువారీ సవరణల శీర్షిక మొదలుపెట్టింది. మన దేశంలో 2006లో ‘ది హిందూ’ పాఠకుల తరఫున ఒక సంపాదకుణ్ణే నియమించింది. తప్పు పట్టే పని మొదటినుంచీ పాఠకుడిదే, దానికి చిరునామా దొరికింది అప్పుడే.

పేపరులో ‘తొలి’ అన్న మాట కనబడితే దాని ముందు ఏ మాట ఉండాలో చూడండి. పురుషుల్లోనా, డబుల్స్‌లోనా, భారత్ తరఫునా, ఓపెన్ శకంలోనా? ఏదీ లేకపోతే, ఆ రాత్రి సబ్ ఎడిటర్‌కు హెడ్డింగులో జాగా అయిపోయిందని అర్థం.