అడవి చట్టం: భయం నుంచి హక్కు దాకా

మన ఏజెన్సీ కొండల్లో మామిడి కొత్త పండుగ కాకముందు మామిడికాయ కోయరు. చెట్టు విరగకాసినా పిల్లలు కింద నిలబడి చూస్తారేగాని చెయ్యి వెయ్యరు. ఊరి పెద్దలు రోజు నిర్ణయించి, దేవతకు పెట్టిన తరువాతే తినడం. ఈ కట్టుబాటుకు కావలి మనిషి లేడు, రసీదు పుస్తకం లేదు, జైలు లేదు. అయినా తరతరాలుగా నిలిచింది. ఎందుకు నిలిచింది? కట్టు పెట్టింది ఊరే. కాయలో వాటా అందరిదీ. తప్పు చేసినవాడు తన ఊరి ముందే తల దించుకోవాలి.

ప్రభుత్వం చేసే చట్టానికి ఈ మూడూ పుట్టుకతో రావు. చట్టం ఎక్కడో దూరాన తయారవుతుంది. దాన్ని జనం చేత పాటింపజేయడానికి పాలకుల చేతిలో ముఖ్యంగా మూడు దారులున్నాయి: శిక్షించి భయపెట్టడం, లాభం చూపి ఒప్పించడం, హక్కు ఇచ్చి బాధ్యత అప్పగించడం. గత నూట నలభై ఏళ్లలో ఈ మూడూ మన అడవుల మీద ప్రయోగించారు. ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో తెలుసుకోవాలంటే పరాయి దేశాల పుస్తకాలు వెతకనక్కరలేదు. మన చరిత్ర చదివితే చాలు.

మొదటిది భయం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ప్రభుత్వం అడవికి గీత గీసి రిజర్వు అని ప్రకటిస్తే, ఆ గీత లోపల చెట్టు కొట్టడం, పశువులను మేపడం, పోడు కాల్చడం అనుమతి లేకపోతే నేరం. నిన్నటిదాకా బతుకుగా ఉన్నది ఒక్క కాగితంతో నేరమైపోయింది. అడవిని కాపాడడానికే ఈ చట్టమన్నారు. కాని అదే కాలంలో రైలు పట్టాల కింద పరిచే దుంగల కోసం దేశమంతటా అడవులు నరికించారు. అంటే నరకడం ఆగలేదు, నరికే హక్కు ఎవరిదన్నది మారింది.

గూడెం, రంప కొండల్లో పోడు మీద ఆంక్షలు, సరైన కూలి ఇవ్వకుండా చేయించిన రోడ్డు పని జనాన్ని రగిలించాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర వంటివారు నడిచారు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. నిజాం రాజ్యంలోనూ ఇదే కథ. ఆదిలాబాద్ అడవుల్లో జంగ్లాత్ సిబ్బంది గోండు, కొలాం గూడేలను ఖాళీ చేయించారు, పశువుల మేతకు సుంకం వసూలు చేశారు. ఎదురు నిలిచిన కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ తరువాతే నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పిలిపించి, ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమంది. ఆయన నివేదికల తరువాత చాలా కుటుంబాలకు పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో గోండుల కోసం బడి మొదలైంది. తుపాకి చేయలేని పని పట్టా, పలక కొంతవరకు చేశాయి.

భయంతో నడిచే చట్టానికి ఇంకో జబ్బు కూడా ఉంది. నాగలికి కర్ర, ఇంటికి వాసం, పొయ్యికి కట్టె, అన్నీ నేరమైన చోట ప్రతి నేరానికీ ఒక ధర ఏర్పడుతుంది. దాన్నే మన పెద్దలు మామూలు అన్నారు. చిన్న జీతం గార్డు మామూలు తీసుకుంటాడు, పేదవాడు ఇస్తాడు, చట్టం కాగితం మీద భద్రంగా ఉంటుంది. అడవి మాత్రం ఉండదు.

రెండోది లాభం చూపడం. 1988 జాతీయ అటవీ విధానం అడవి దగ్గర బతికేవారి అవసరాలను మొదటిసారి గట్టిగా గుర్తించింది. 1990లో కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యానికి దారి చూపింది. 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వన సంరక్షణ సమితులకు ఉత్తర్వులిచ్చింది. ఊరు అడవిని కాపాడితే ఫలసాయంలో వాటా, మొక్కలు నాటే పనికి కూలి. ఇది మంచి మార్పే. చాలా ఊళ్లు గొడ్డలి పట్టినవాడిని తామే ఆపాయి. కాని సమితి పగ్గం అటవీ శాఖ చేతిలోనే ఉండిపోయింది. కొన్నిచోట్ల పోడు భూముల్లోనే మొక్కలు నాటించారు, తన సాగు పోగొట్టుకున్నవాడే అక్కడ కూలికి వెళ్లాడు. ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలా సమితులు పేరుకే మిగిలాయి. కూలి కోసం కాసినవాడు కూలి ఆగితే కాయడు. అది అతని తప్పు కాదు, ఆ పద్ధతిలోని లోపం.

మూడోది హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం సాగు భూమికి పట్టా ఇచ్చే చట్టంగానే మనలో చాలామందికి తెలుసు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమి అనే మాట అందరి నోటా ఉంది. కాని అందులో ఇంకో సగం ఉంది. ఊరు సంప్రదాయంగా వాడుకునే అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు కూడా ఊరిదే. అడవిని, జంతువులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. శిక్షకు గురయ్యేవాడిగా ఉన్న మనిషిని ఈ చట్టం కాపలాదారుగా గుర్తించింది.

మన పొరుగున గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా అనే గోండు ఊరు దీన్ని చేసి చూపింది. 2009లో ఆ ఊరికి సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు వచ్చింది. హక్కు పత్రం వచ్చినా వెదురు రవాణాకు అనుమతి మాత్రం వెంటనే రాలేదు. ఊరు పట్టువదలకపోవడంతో 2011లో రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. ఎంత కొట్టాలి, ఎంత వదలాలి అనేది ఊరే కూర్చుని తేల్చుకుంది. రేపు కూడా వెదురు కావాలి కాబట్టి మొత్తం నరకదు.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలి ఉంది. చట్టాన్ని పాటించాల్సింది పేదవాడేనా? విశాఖ ఏజెన్సీలో బొర్రా ప్రాంతపు గనుల లీజులపై సమత సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పిల్లలందరికీ తెలియాలి. గిరిజన భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదన్న నియమం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక వ్యక్తేనని కోర్టు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులు చెల్లవంది. కట్టె మోపు మోసుకొచ్చే తల్లిని ఆపిన చట్టం, కొండ తవ్వే యంత్రాన్నీ ఆపగలదని ఆ రోజు తేలింది. అయితే అది దానంతట అది ఆగలేదు, జనం అడిగితేనే ఆగింది.

అందుకే యువతకు, మాస్టార్లకు ఒక మాట. అటవీ హక్కుల చట్టం ఏడో సెక్షన్ తరగతి గదిలో చదివించండి. హక్కుల గుర్తింపులో చట్టాన్ని ఉల్లంఘించిన అధికారికి జరిమానా వెయ్యి రూపాయల లోపే. అదైనా గ్రామసభ తీర్మానంతోనో, అడవిలో నివసించే మనిషి ఫిర్యాదుతోనో రాష్ట్రస్థాయి పర్యవేక్షణ కమిటీకి అరవై రోజుల ముందు నోటీసు ఇచ్చాకే. శిక్ష చిన్నదే. కాని అడిగే అధికారం మనదని రాసి ఉంది. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవారిలో కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. మన ఊరి తీర్మానాల పుస్తకంలో ఆ సంతకాలు నిజంగా ఉన్నాయా? తెరిచి చూడండి. చదువు రాని అవ్వకు చదివి వినిపించండి.

మామిడి కొత్తకు రోజు పెట్టే ఊరికి అడవిని ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ తెలివికి చట్టంలో చోటు 2006లో దొరికింది. ఆ చోటులో కూర్చోవడం ఇక మన పని.