టీ గాడి: ఒక కొటేషన్‌కు వ్యాఖ్యానం

మూలం: "18 ఎంఎం ఎండీఎఫ్, 8×4, బోర్డులు 3. టీ గాడి, పిచ్ 4 అంగుళాలు, అల్యూమినియం ఛానల్‌తో. కటింగ్ రన్నింగ్ ఫీటు లెక్క. మిగిలిన ముక్క పార్టీది. ఫిట్టింగ్ వేరు."

పరకాలలో సెల్‌ఫోన్ సామాన్ల దుకాణం పెట్టబోయే మనిషి పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గోడ చూపించి, కవర్లూ చార్జర్లూ కొక్కేలకు వేలాడదీయాలంటాడు. దానికి కంప్యూటర్‌తో కోత కోసే చిన్న సీఎన్‌సీ షాపు రాసివ్వవలసిన కొటేషన్ ఇది. చాలాచోట్ల ఇంత కూడా రాయరు. "అన్నా, చదరపు అడుగుకు ఎంత?" అని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్పి, పని అయ్యాక లెక్క చూసుకుని దిగులుపడతారు. కావ్యానికి ప్రతిపదార్థం రాసినట్టు ఈ నాలుగు ముక్కలకూ రాస్తే ఆ దిగులు కొంత తగ్గుతుందని నా నమ్మకం.

18 ఎంఎం ఎండీఎఫ్. కర్రను పీచుగా చేసి, జిగురు కలిపి, వేడితో అదిమిన పలక. మన వైపు జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్ వంటి తోటల చెట్లే దీనికి ముడిసరుకు. శ్రీకాళహస్తి దగ్గర 2018లో ఎండీఎఫ్ ఫ్యాక్టరీ మొదలయ్యాక ఈ పలక తెలుగు నేల మీదే తయారవుతోంది. గాడి తీసేవాడు గుర్తుంచుకోవలసింది దీని లోపలి తీరు. పైపొర, కింది పొర బిగువుగా ఉంటాయి, నడుమ మెత్తన. కాబట్టి గాడి పెదవి ఆ గట్టి పొరలోనే నిలవాలి, వెడల్పాటి కోత మెత్తని పొట్టలో పడాలి. పన్నెండు ఎంఎం పలక చవక గదా అని అడిగేవారుంటారు. అందులో ఈ గాడి తీస్తే వెనుక అట్టముక్క మందమే మిగులుతుంది. ఒప్పుకోకూడదు.

8×4. అడుగుల మాట ఇది. మిషన్‌కు మాత్రం 2440, 1220 మిల్లీమీటర్లు. పాత వడ్లాయన సూత్‌లలో, అంటే అంగుళంలో ఎనిమిదో వంతులో, ఆలోచిస్తాడు. పార్టీ అడుగుల్లో, కంప్యూటర్ మిల్లీమీటర్లలో. మూడు కొలతల మధ్య పొరపాటు రాకుండా చూడటం షాపువాడి పనే. ఇక చిన్న షాపుల్లో ఎక్కువగా కనిపించే 1325 మిషన్ బల్ల 1300 వెడల్పు, 2500 పొడవు. ఎనిమిదడుగుల బోర్డు పోగా పొడవున మిగిలేది అరవై మిల్లీమీటర్లే. జాలీ కటింగ్‌కు, అంటే చిల్లుల నగిషీకి, అలవాటుపడ్డ ఆపరేటరు బోర్డును బల్ల మూలకు ఆనిస్తాడు. టీ గాడికి అది పనికిరాదు. ఎందుకో కింద చెబుతాను.

గాడి. ఈ మాటకు మన ఊళ్లలో మూడు అర్థాలు. పశువుకు మేత వేసే తొట్టి గాడి. బండి చక్రాలు తిరిగీ తిరిగీ బాటలో పడ్డ చార గాడి. వడ్లాయన చెక్కలో తీసే సన్నని కాలువ గాడి. తలుపు చట్రంలో పలక కూర్చునేది ఆ మూడో దానిలోనే. దాన్ని తీయడానికి సన్నని ఇనుపనాలుక ఉన్న రంద ఉండేది. చట్రం అంచుకు ఆనించి తోస్తే చార వంకరపోకుండా సాగేది. ఇప్పుడు ఆ ఆనుడు పని కంప్యూటర్ చేస్తోంది. అంకెల ఆజ్ఞలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీలో 1952లో చూపించారు. దాని వెనుక ఉన్న జాన్ పార్సన్స్‌కు ఆ అవసరం హెలికాప్టర్ రెక్కల దగ్గర పుట్టింది. వంపు తిరిగిన రెక్కల కోసం మొదలైన విద్య ఇవాళ పరకాలలో నిటారు గాడి తీస్తోంది. నిటారుగా తీయడమే కష్టమని రంద పట్టినవారికి తెలుసు.

టీ. గాడి అడ్డకోత ఆకారం ఇది. నోరు ఇరుకు, పొట్ట వెడల్పు. కొక్కెం నాలుక లోపలికి వెళ్లి పైపెదవి వెనుక పట్టుకుంటుంది. బరువు కిందికి లాగినప్పుడు కొక్కెం అడుగుభాగం పలకను నొక్కుతుంది, నాలుక పైపెదవిని బయటికి గుంజుతుంది. విరిగేది ఎప్పుడూ ఆ పైపెదవే. అందుకే కొలతలు ఊహించి వేయరాదు. ఒక వాడుక కొలత చెప్పుకుందాం: నోరు 10 మిల్లీమీటర్లు, పెదవి మందం 5, లోపలి పొట్ట వెడల్పు 24, దాని ఎత్తు 6. మొత్తం లోతు 11, వెనుక మిగిలేది 7.

దీన్ని ఒక్క కోతలో తీయలేం. ముందు 10 ఎంఎం సూటి బిట్‌తో 11 లోతుకు కాలువ తీయాలి. తరువాత టీ బిట్ పక్క అంచు నుంచి లోపలికి పోయి, ఆ కాలువ వెంబడి పొట్టను వెడల్పు చేస్తూ అవతలి అంచు నుంచి బయటికి రావాలి. టీ బిట్ పైనుంచి దిగదు, నడుమ నుంచి లేవదు. కాబట్టి బోర్డు బయట, గాలిలో మొదలుకావాలి, గాలిలోనే ముగియాలి. ఇందాక చెప్పిన అరవై మిల్లీమీటర్ల సంగతి ఇక్కడికి వచ్చింది. బోర్డును బల్ల పొడవుకు నట్టనడుమ పెడితే అటు ముప్పై, ఇటు ముప్పై. 24 ఎంఎం బిట్‌లో సగం పన్నెండు. చోటు సరిపోతుంది, అంతకుమించి పెద్దగా మిగలదు. మూలకు ఆనిస్తే ఒక పక్క చోటే ఉండదు.

టీ బిట్ గాడిలో ఉండగా కరెంటు పోతే? ఒక షాపులో నా కళ్లముందే జరిగింది. కరెంటు తిరిగి రాగానే ఆపరేటరు అలవాటుగా హోమ్ నొక్కాడు. చాలా కంట్రోలర్లు హోమ్‌కు, అంటే మొదలు చోటికి, వెళ్లమంటే ముందుగా జెడ్‌ను, అంటే బిట్‌ను పైకీ కిందికీ నడిపే అక్షాన్ని, పైకి ఎత్తుతాయి. గాడిలో ఉన్న బిట్ రెండు పెదవులనూ చీల్చుకుని లేచింది. పన్నెండో గాడి అది. పదకొండు గాళ్ల శ్రమ, బోర్డు, రెండూ పోయాయి. ఆ కుర్రాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. అటువంటప్పుడు జెడ్‌ను తాకకుండా, స్పిండిల్ తిప్పి, వచ్చిన దారినే మెల్లగా అంచు దాకా వెనక్కి తేవాలి. లేదా స్పిండిల్ నుంచి బిట్‌ను విప్పి, ఖాళీ స్పిండిల్‌ను పైకి లేపి, బిట్‌ను చేత్తో గాడి వెంట జరిపి తీయాలి.

లోతు లెక్కకు జీరో ఎక్కడ పెట్టాలన్నదీ టీలో భాగమే. బల్ల మీద జీరో పెడితే బోర్డు మందంలోని చిన్న తేడా అంతా పెదవి మీద పడుతుంది. బోర్డు పైముఖం మీద పెట్టాలి. అప్పుడూ బోర్డు నడుమ ఒక మిల్లీమీటరు ఉబ్బి ఉంటే అక్కడ పెదవి ఆరు అవుతుంది. గాడిలోకి తోసే ఛానల్ అక్కడే బిగుసుకుంటుంది. వాక్యూమ్ బల్ల లేని షాపులో, గాడి దారికి అడ్డురాని చోట్లు వెతికి స్క్రూలతో బిగించాలి. ఆ చోట్లు ముందే డ్రాయింగ్‌లో గుర్తుపెట్టుకోవాలి.

పొట్టు. ఇది మూలంలో లేని మాట, ఉండాల్సిన మాట. పైన చెప్పిన కొలతకు ఒక్కో బోర్డులో నాలుగు కిలోల పలక పిండి అవుతుంది. ఎనభై చదరపు అడుగుల ఈ గోడకు పది కిలోలకు పైనే. టీ గాడి ఇరుకు నోటి నుంచి ఆ పిండి బయటికి రాలేక లోపలే చిక్కుకుని, బిట్ వేడెక్కి, అంచు నల్లబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళినీ, ఈ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌నూ మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మూతికి దస్తీ కట్టుకుంటే చాలదు. పొట్టు లాగే మిషన్, సరైన మాస్కు, వీటి ఖర్చు కూడా రేటులో కలవాలి. ఆపరేటరు ఊపిరితిత్తుల మీద రేటు తగ్గించే హక్కు ఎవరికీ లేదు.

పిచ్ 4 అంగుళాలు. ఒక గాడి నుంచి మరో గాడికి దూరం. నాలుగడుగుల బోర్డులో పన్నెండు గాళ్లు పడతాయి. మొదటిది అంచు నుంచి రెండు అంగుళాలకు పెట్టాలి, చివరిదీ అంతే. అప్పుడు బోర్డు మీద బోర్డు పేర్చినా రెండూ రెండూ నాలుగై వరస తప్పదు. ధర గుట్టు కూడా ఈ మాటలోనే ఉంది. అడుగుకు మూడు గాళ్లు గనుక, ఒక చదరపు అడుగులో మూడడుగుల గాడి ఉంటుంది. పిచ్ మూడంగుళాలైతే నాలుగడుగులు. ఆరంగుళాలైతే రెండే. గోడ అదే, చదరపు అడుగులు అవే, పని మాత్రం రెట్టింపు దాకా మారుతుంది.

రన్నింగ్ ఫీటు లెక్క. చదరపు అడుగు రేటు జాలీ కటింగ్ నుంచి వచ్చింది. హనుమకొండలో ఎవరో చెప్పిన అంకె ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పరకాలలో కూడా చలామణి అవుతుంది. గాడికి ఆ కొలత తప్పు. ఎలాగో ఒక లెక్క వేద్దాం. అంకెలు నేర్చుకోవడానికి పెట్టుకున్నవి, ఎవరివి వారు మార్చుకోవాలి. షెడ్డు కిరాయి, మిషన్ కిస్తీ, ఆపరేటరు జీతం, కరెంటు, మరమ్మతు కలిపి నెలకు 60,000 అనుకుందాం. నెలలో మిషన్ నిజంగా పనిచేసేది 100 గంటలు. షాపు తెరిచి ఉన్న గంటలన్నీ లెక్కలోకి రావు, ఇక్కడే చాలామంది తమను తాము మోసగించుకుంటారు. గంటకు 600 పడింది, నిమిషానికి పది రూపాయలు.

నాలుగంగుళాల పిచ్ బోర్డు తీసుకుందాం. పన్నెండు గాళ్లు, 96 అడుగులు, రెండు కోతలు. సూటి బిట్ నిమిషానికి నాలుగు మీటర్లు, టీ బిట్ మూడు మీటర్లు నడిస్తే కోతకు పదిహేడు నిమిషాలు, బిట్ మార్పూ ఖాళీ నడకా కలిపి ఇరవై అయిదు. నలభై కిలోల బోర్డును ఇద్దరు ఎత్తి పెట్టి, బిగించి, విప్పి, తుడవడానికి పదిహేను. మొత్తం నలభై నిమిషాలు, 400 రూపాయలు. మూడంగుళాల పిచ్ అయితే పదహారు గాళ్లు, 128 అడుగులు, నలభై ఎనిమిది నిమిషాలు, 480 రూపాయలు. ఇప్పుడు చదరపు అడుగుకు 15 అని చెప్పి ఉంటే రెండింటికీ వచ్చేది 480. మొదటి పనిలో ఎనభై మిగులుతుంది. రెండో దానిలో సున్నా, పైగా బిట్ అరుగుదల ఇంకా లెక్కలోకే రాలేదు. అదే అడుగు గాడికి 5 రూపాయలంటే మొదటిదానికి 480, రెండోదానికి 640. పని పెరిగినచోట డబ్బు పెరిగింది.

దీనికి తోడు మొదటి బోర్డు ఖర్చు విడిగా రాయాలి. డ్రాయింగ్, ఫైలు, ముక్క మీద ట్రయల్, ఛానల్ తోలి చూడటం: ఇది ఒక బోర్డుకైనా ముప్పై బోర్డులకైనా ఒకటే. దాన్ని అడుగు రేటులో దాచితే చిన్న పనిలో షాపు మునుగుతుంది, పెద్ద పనిలో పార్టీ మునుగుతాడు.

అల్యూమినియం ఛానల్‌తో. గాడిలోకి పక్క నుంచి తోసే లోహపు లైనింగు. పెదవి బలం దీనిదే. ఇదీ అడుగుల్లోనే కొనేది: ఈ గోడకు 240 అడుగులు, మూడంగుళాల పిచ్ అయితే 320. ఛానల్ చేతిలోకి రాకముందే ఫైలు చేయకూడదు. కేటలాగులో కొలత ఒకటి, చేతిలో ముక్క కొలత మరొకటి.

మిగిలిన ముక్క పార్టీది. రెండు బోర్డులు పేరిస్తే ఎనిమిది వెడల్పు, ఎనిమిది ఎత్తు. మిగతా రెండడుగుల వెడల్పు కోసం మూడో బోర్డులో రెండేసి అడుగుల ముక్కలు రెండు కోస్తాం. నాలుగు బై నాలుగు మిగులుతుంది. మూడు బోర్డుల సొమ్ము పార్టీయే కట్టాడు గనుక ఆ ముక్క అతనిదే. కొన్ని షాపులు దాన్ని తమ దగ్గరే ఉంచుకుంటాయి. అది అడిగి పుచ్చుకోవలసింది, మౌనంగా మూలకు చేర్చవలసింది కాదు.

ఫిట్టింగ్ వేరు. పాత గోడలు నిటారుగా ఉండవు. కౌంటర్ వెనుక గోడ కింద ముందుకు, పైన వెనక్కి ఉంటే, వెనుక కర్ర పట్టీలు కొట్టి సరిచేయాలి. ఏడు మిల్లీమీటర్లే మిగిలిన గాడి వెనుక స్క్రూ పట్టదు, గాడికీ గాడికీ మధ్య పూర్తి మందం ఉన్నచోటే వేయాలి. ఆ పనికి ఎంత సమయం పడుతుందో గోడకు తూకం గుండు వేలాడదీసి చూడందే తెలియదు. అందుకే ఆ మాట పక్కన అంకె లేదు. చూసొచ్చాక రాస్తారు.